ఆగు అని అర్థం వచ్చే పేరు

అసిమీనాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన కూతురికి స్తమాతా అని పేరు పెడతారని. స్తమాతా అంటే ఆగు అని. చాలు, ఇక్కడితో సరి, ఇక వద్దు అని.

పెత్రోవూని ఊళ్లో పేర్లకి అర్థాలు ఎవరినీ అడగనక్కర్లేదు. చాలా పేర్లు రోజూ నోట్లో నలిగే మాటలే. ఆంథీ అంటే పువ్వు, ఫొటీనీ అంటే వెలుగు, అసిమీనా అంటే వెండి. అందుకే అక్కడ బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఒక మాట ఆ బిడ్డ మీద పడుతుంది. వాన చినుకులాంటి మాటైతే ఫరవాలేదు. రాయిలాంటి మాటైతే?

పాప నెల ముందే పుట్టింది. జున్ను తూచే త్రాసులో ఒకవైపు పాపను, ఒకవైపు జున్ను ముద్దను పెడితే జున్నే కిందికి దిగింది. అయిదు నెలలొచ్చినా పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోయేది. ఏదో మర్చిపోయినట్టు ఇంటి కప్పు వైపు చూసి, గుర్తురాక నిద్రలోకి జారిపోయేది. అసిమీనా పరుగున వెళ్లి భర్త ప్రోకోపిస్ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి పాప ముక్కు దగ్గర పెట్టేది. అద్దం మీద ఆవిరి కమ్మితేగాని తన ఊపిరి తను పీల్చుకునేది కాదు. పొద్దున్నే ప్రోకోపిస్ ఆ అద్దం చేతిలోకి తీసుకుని, తన మొహం కనపడటం లేదనీ, ఎటు చూసినా కూతురి ఊపిరేననీ గొణుక్కుంటూ గడ్డం సగం వదిలేసి ఆలివ్ తోటకి పోయేవాడు.

ఇలాంటి బిడ్డని రోజుకి ఇరవైసార్లు ఆగు, ఆగు అని పిలిస్తే ఏది ఆగుతుంది? పాలు తాగడమా, పళ్లు రావడమా? మూడోది అసిమీనా మనసులో కూడా అనుకునేది కాదు. అనుకోబోయి మూడుసార్లు తూ తూ తూ అని పక్కకి ఉమ్మేది.

కానీ తప్పించుకునే దారి లేదు. మొదటి ఆడపిల్లకి నాయనమ్మ పేరు. ఆ ఊళ్లో అది రాయని చట్టం. ఆ నాయనమ్మ, అంటే అసిమీనా అత్తగారు, సాక్షాత్తూ స్తమాతా. వరసగా నలుగురు ఆడపిల్లల తర్వాత అయిదోదిగా పుట్టింది. ఆవిడ తండ్రి ఉయ్యాల వైపు ఒకసారి చూసి, ఇక ఆపు దేవుడా అని ఆ పేరు పెట్టించాడు. ఆ తర్వాతి ఏడాది మగపిల్లాడు పుట్టాడు. తండ్రి గొర్రెపిల్లని కోసి ఊరందరికీ పెట్టి, చూశారా పేరు మహిమ అన్నాడట. అప్పటినుంచి అరవై ఎనిమిదేళ్లుగా ఆవిడ ఆ మహిమని మోస్తూనే ఉంది. ఆవిడని ఎవరైనా కేకేస్తే దారిన పోయే గాడిదలు కూడా ఆగిపోతాయని కాఫీ కొట్టు దగ్గర మగాళ్లకి ఓ జోకు. ఆవిడ ముందు మాత్రం ఎవరూ అనరు. ఆవిడ చేతికర్ర పొట్టిదే గాని గురి ఎక్కువ.

ఆ ఊళ్లో బాప్తిస్మం రోజుదాకా బిడ్డకి పేరుండదు. పాపాయి అంటారు, అంతే. పేరు చెప్పే హక్కు జ్ఞానతల్లిది, అంటే బాప్తిస్మంలో బిడ్డని పట్టుకుని నిలబడే ఆవిడది. చర్చిలో ఫాదరు పేరేంటని అడిగితే ఆవిడ గట్టిగా చెప్పాలి. ఆవిడ నోట్లోంచి ఏది వస్తే అదే పేరు. కన్నతల్లి ఆ సమయానికి చర్చిలో ఉండకూడదు. ఇంట్లోనే కూర్చోవాలి. చర్చి గుమ్మం దగ్గర పొంచి ఉన్న పిల్లలు పేరు చెవిన పడగానే పరుగందుకుంటారు. ముందుగా వచ్చి తల్లికి పేరు చెప్పినవాళ్లకి నాణెం దక్కుతుంది. మిగతావాళ్లకి చక్కెర బాదంపప్పులు.

పాపకి జ్ఞానతల్లిగా కుదిరింది రొట్టెల కొట్టు మిర్సీనీ. మనిషి పొయ్యిలా ఉంటుంది. వెడల్పు, వెచ్చన, నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లలో ఆరు తరగతులూ పూర్తిచేసింది ఆవిడొక్కతే.

అసిమీనా చదువు మూడో తరగతిలోనే ఆగింది. తల్లి మంచాన పడితే మేకలు ఎవరో ఒకరు కాయాలి కదా. అయినా అక్షరాలు పోలేదు. వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, మందలో మేకల్లాగే ఉంటాయి గాని ఉన్నాయి. పాప కడుపులో ఉన్నప్పుడే ఒక పాత నోటుపుస్తకం సంపాదించి, గోడ మీది కేలండర్ లోంచి ఆడపిల్లల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టింది. కేలండర్ లో రోజుకొక పునీతుడో పునీతురాలో ఉంటారు. పక్కన అర్థం రాసుకునేది. ఆ పక్కన తన భయం రాసుకునేది.

ఆంథీ, పువ్వు. వాడిపోతుంది.

ఫొటీనీ, వెలుగు. గాలొస్తే?

త్రియందాఫిల్యా, గులాబీ. ముళ్లు. పైగా భోజనానికి పిలవాలంటే ఆ పేరు పూర్తయ్యేసరికి సూపు చల్లారిపోతుంది.

గలీనీ, నిమ్మళంగా ఉన్న సముద్రం. మా నాన్న పడవ మునిగిన రోజు పొద్దున సముద్రం అలాగే ఉంది.

పొలిక్సేనీ, ఎందరో అతిథులున్నది. వాళ్లందరికీ వండేదెవరు?

ఎలెఫ్తెరియా, స్వేచ్ఛ. ఇల్లు విడిచి పోతుంది.

ఇరీనీ, శాంతి. ఈ ఇంట్లోనా?

అనస్తాసియా, తిరిగి లేవడం. లేవాలంటే ముందు పడాలి. ఈ పేరు దగ్గర సిరా మరక. పెన్ను వదిలేసి ఉయ్యాల దగ్గరికి పరిగెత్తినట్టుంది.

పగోనా, నెమలి. దీన్ని ప్రోకోపిస్ చదివి, నెమలి గొంతు నువ్వెప్పుడైనా విన్నావా అని అడిగాడు. అసిమీనా వినలేదు. అతను విన్నాడు, సైన్యంలో ఉన్నప్పుడు. ఆ పేరు కూడా పోయింది.

ఇలా ముప్ఫై ఒక్క పేర్లు, ముప్ఫై ఒక్క లోపాలు. స్తమాతా దగ్గర అర్థం రాయలేదు, భయమూ రాయలేదు. పెన్నుతో అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత, ఇంకో గీత. కాగితం చిరిగి వెనక పేజీ కనపడింది.

చివరి పేజీలో, మూలగా, చీమ తలకాయంత అక్షరాలతో ఒకటే పేరు ఉంది. జోయీ. అంటే బతుకు, ప్రాణం. దానికి ఎంత వెతికినా వంక దొరకలేదు. దొరకలేదు గనకనే పెద్దగా రాయడానికి చెయ్యి రాలేదు. మంచి మాట పైకి అంటే దిష్టి వింటుంది.

బాప్తిస్మం ఇంకో పదిరోజులుందనగా అసిమీనా పాపని శాలువలో చుట్టుకుని, పిండి కలపడానికి పులిసిన ముద్ద కావాలనే సాకుతో మిర్సీనీ కొట్టుకి వెళ్లింది. సాకు గుమ్మంలోనే తెగిపోయింది. ఇంట్లో పులిసిన ముద్ద ఉన్నసంగతి మిర్సీనీకి తెలుసు. క్రితం వారం ఇచ్చింది ఆవిడే. దాంతో అసిమీనా అసలు మాట నేలచూపులు చూస్తూ చెప్పింది. స్తమాతా అనొద్దు, ఇంకేదైనా అను, గాడిద అని పెట్టినా ఫరవాలేదు, అది కనీసం నడుస్తుంది.

మిర్సీనీ నవ్వితే చేతిలో రొట్టెలు తీసే పార ఊగింది. ఆ తర్వాత నవ్వు ఆపింది.

“అమ్మాయ్, మీ అత్త చర్చిలో ముందు వరసలో నిలబడుతుంది. ఊరంతా ఆవిడ మొహమే చూస్తుంటారు. ఆవిడ పేరు కాకుండా ఇంకోటి నా నోటంట వచ్చిందనుకో, రేపట్నుంచి ఆవిడ ఊళ్లో తలెత్తుకుంటుందా? ఒక్కగానొక్క కొడుకు. మనవరాలి కోసం ఎన్నేళ్లు చూసింది?”

“మరి నా పాప?”

“నీ పాప బానే ఉంది. చూడు, నీ శాలువ అంచు నములుతోంది. ఆకలేస్తోంది దానికి. ఇంటికి పో.”

చెప్తావా చెప్పవా అని గుమ్మంలో నిలబడి మళ్లీ అడిగితే, పేరు పొయ్యిలో రొట్టెలాంటిదనీ, తలుపు తెరిచేదాకా తనకీ తెలీదనీ అంది.

ఆ మధ్యలో ఒకరోజు నోటుపుస్తకం కనపడలేదు. అసిమీనా పరుపు కింద, చెక్కపెట్టెలో, చివరికి కోళ్లగూట్లో కూడా వెతికింది. సాయంత్రానికి అది పెట్టిన చోటే, పరుపు కిందే ఉంది. అట్ట మీద కొంచెం పిండి అంటుకుని ఉంది. తనే పిండి చేతులతో ముట్టుకుని మర్చిపోయిందనుకుంది. నిద్రలేని తల్లి బుర్రలో ఏదీ నిలవదు. అప్పటికే ఒకసారి పాపని చంకలో పెట్టుకుని పాపేదని వెతికింది.

అత్త మాత్రం ఆ వారమంతా మాట్లాడలేదు. అంటే మామూలుగానే ఉంది. ఆవిడ మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే అది సలహా, మాట్లాడకపోతే తప్పు పట్టినట్టు. పాప ఉయ్యాల ముందు కూర్చుని ఉన్ని వడుకుతూ పాపవైపు చూసేది. పాప ఆవిడవైపు చూసేది. ఇద్దరి నుదుటి మీదా ఒకే మడత. ప్రోకోపిస్ తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, గానుగ రాళ్ల మధ్య ఆలివ్ కాయలా ఎక్కడా నోరు మెదపకుండా జారిపోయేవాడు.

బాప్తిస్మం ఆదివారం వచ్చింది. పాపకి స్నానం చేయించి, దిష్టి తగలకుండా నీలం పూస గుచ్చి మిర్సీనీ చేతికిచ్చారు. అందరూ చర్చికి దిగువ దారిన వెళ్లిపోయారు. అత్త అందరికంటే ముందు, నల్లబట్టల్లో, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లింది. వెనక్కి చూడలేదు.

అసిమీనా ఒక్కతే మిగిలింది. ఒక చేతిలో ద్రాక్మా నాణెం, ఒళ్లో చక్కెర బాదంపప్పుల గిన్నె. గిన్నెలోవి లెక్కపెడదామనుకుంది గాని పదకొండు దాటాక లెక్క తప్పింది. నీళ్లు చల్లగా ఉంటే? ముంచినప్పుడు ఫాదరు చెయ్యి జారితే? పాప ఒంటికి నూనె రాస్తారు కదా, నూనె రాసిన బిడ్డ చేపలాంటిది. కిటికీలోంచి చూస్తే కొండవాలు, ఆలివ్ చెట్లు, చర్చి గోపురం నీలం చిప్ప. అంతే. పాప ఏడుపు ఇంత దూరం వినపడదు. వినపడకపోయినా ఆమె రొమ్ములకి వినపడింది. జాకెట్టు తడిసింది.

అప్పుడు దారిలో ధూళి లేచింది.

అందరికంటే ముందు కొరాలియా. కంసాలి కూతురు, ఎనిమిదేళ్లది, ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో చెప్పు చేతిలో ఉంది. వెనక పిల్లల గుంపు దాని జడ పట్టుకోబోయి తప్పింది. గుమ్మం దాటి ఊపిరి అందక, ముందు చెయ్యి చాపి, తర్వాత పేరు చెప్పింది.

“స్తమాతా. పిల్ల మీకు దక్కాలి.”

అసిమీనా నాణెం ఆ చేతిలో పెట్టింది. మిగతావాళ్లకి బాదంపప్పులు పంచింది. అందరూ మీకు దక్కాలి, మీకు దక్కాలి అంటూ తింటూ వెళ్లిపోయారు. ఆమె తలుపు మూసి, రొట్టెల బల్ల దగ్గర కూర్చుని, తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఎంతసేపూ కాదు. కొత్త తల్లికి ఏడవడానికి కూడా టైము ఉండదు.

ఎందుకంటే ఇంకాసేపట్లో పాప వస్తుంది. నూనె జిడ్డుతో, తడి జుట్టుతో, అలిసిపోయి. వచ్చేసరికి తల్లి పేరుపెట్టి పిలవాలి. తన పేరే తల్లి గొంతులో అడ్డంపడిందని పిల్లకి తెలియకూడదు. అందుకని అసిమీనా మొహం కడుక్కుని, ఖాళీ ఉయ్యాల ముందు నిలబడి ఆ పేరు అనడం ప్రాక్టీసు చేసింది.

మొదటిసారి అంటే కంచరగాడిదని అదిలించినట్టు వచ్చింది.

రెండోసారి ఫాదరుకి చెప్పుకుంటున్న తప్పులా వచ్చింది.

అప్పుడు తట్టింది, పెళ్లయి రెండేళ్లయినా ఈ పేరు తను ఒక్కసారి కూడా పైకి అనలేదని. అత్తా అంటుంది. లేకపోతే ఆవిడ అంటుంది. ఊరివాళ్లు ముసలమ్మా అంటారు, ప్రోకోపిస్ అమ్మా అంటాడు. ఈ పేరు ఉన్నమనిషిని ఈ పేరుతో పిలిచేవాళ్లు కాఫీ కొట్టు దగ్గర నవ్వేవాళ్లే. ఆవిడ కూడా ఒకప్పుడు ఇంతే పిల్ల. జున్ను ముద్దంత. నూనె రాసి, నీళ్లలో ముంచి తీసి, చాలు అని పేరు పెట్టి పక్కన పడుకోబెట్టారు. ఆ పేరుతో జోలపాట ఎవరైనా పాడి ఉంటారా?

మూడోసారి ఆమె ఉయ్యాల ఊపుతూ, జోలపాట బాణీలో అంది. స్తమాతా, స్తమాతా, నా చిన్ని స్తమాతా, గాలి ఆగింది, అల ఆగింది, నిద్దరొచ్చింది స్తమాతా. పాడుతుంటే ఆ మాట ముళ్లు విరిగి మెత్తబడింది. ఆగడం అంత చెడ్డదేం కాదనిపించింది. గాలి ఆగితేనే కదా పడవలు ఒడ్డు చేరేది. ఆమె ఇంకో చరణం కట్టింది. ఇంకోటి కూడా కట్టింది.

తలుపు ఎప్పుడు తెరుచుకుందో, గుమ్మంలో ఎవరో ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నారు.

అత్త. తల మీది గుడ్డ భుజం మీదికి జారింది. నల్లలంగా అంతా ముళ్లపల్లేరు కాయలు. దారిన రాలేదని, మేకలు దిగే వాలు పట్టుకుని అడ్డంపడి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. కర్ర లేదు. ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలీదు.

అసిమీనా ఉయ్యాల వదిలి ఎదురొచ్చింది. “పాపకేమైంది?”

“ఏం కాలా. ఫాదరు గడ్డం పట్టుకుని పీకుతోంది.” అత్త గడపమీద కూలబడింది. “నీళ్లియ్యి. ఆ కొరాలియా పిల్ల తప్పుడు కబురు తెస్తుందని వచ్చా. తప్పు కబురు విని నీ పాలు ఎండిపోతే?”

నీళ్లు తాగాక ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఫాదరు పేరేంటని అడిగాడు. మిర్సీనీ స్తమాతా అని గట్టిగా చెప్పింది. పిల్లలు అంతవరకే విని గుమ్మం దూకి పరిగెత్తారు. ఫాదరు నోరు తెరిచేలోపు ముందు వరసలోంచి ఈవిడ కర్ర ఎత్తి ఆగమంది. చర్చంతా అటు తిరిగింది. వద్దంది. పిల్ల పేరు జోయీ అంది. ఫాదరు మిర్సీనీని చూశాడు, మిర్సీనీ ఈవిడని చూసి, నాకూ అదే అనాలని ఉంది ఫాదర్, జోయీ అంది. ఇంతలో ఇంకో గుంపు పిల్లలు రెండో పేరు పట్టుకుని పరిగెత్తబోతుంటే, వీళ్ల కర్మ, వీళ్లకంటే ముందే పోవాలని కర్ర వాళ్ల కాళ్లకి అడ్డంపడేసి తను బయల్దేరింది.

“జోయీ అని నీకెలా తెలుసు అత్తా?” అసిమీనా అడిగింది.

“నీ పుస్తకం మిర్సీనీ చేత చదివించా.”

పుస్తకం అట్ట మీది పిండి గుర్తొచ్చింది. చిరిగిన కాగితం గుర్తొచ్చింది. అసిమీనా మొహం పొయ్యిలో పెట్టినట్టయింది. క్షమించమనబోయింది. అత్త చెయ్యెత్తింది.

“నా పేరు దగ్గర కాగితం చిరిగింది. గట్టిగా నొక్కావు.” ఒక ముల్లు లంగాలోంచి పీకి పడేసింది. “నాకే రాయడం వచ్చుంటే, నేను ఇంకా గట్టిగా నొక్కేదాన్ని.”

“మరి మిర్సీనీ చేత మొదటే జోయీ అనిపించొచ్చు కదా. అక్కడిదాకా ఎందుకు తెచ్చావు?”

అత్త ఇంకో ముల్లు పీకింది. “చర్చిలో, అందరి ముందు, నవ్వకుండా, దీపాల మధ్య నా పేరు ఒక్కసారి వినాలనుకున్నా. ఆ ఒక్కసారీ నాది. విన్నా. ఇక పిల్లకెందుకు ఆ బరువు? ఊరికి ఒక స్తమాతా చాలు.”

కిందనుంచి గంట మోగింది. దారిలో జనం గొంతులు వినపడుతున్నాయి. వాటి మీదుగా పాప ఏడుపు, పొగరుగా, ఆగకుండా. అత్త లేచి బట్టలు దులుపుకుంది. చెయ్యి చాపింది.

“కబురు తెచ్చినదాన్ని. నా నాణెం ఏదీ?”

అసిమీనా గిన్నెలోకి చూసింది. బాదంపప్పులు కూడా అయిపోయాయి. నాణెం కొరాలియా పట్టుకుపోయింది. ఏమీ లేదని ఖాళీ చేతులు చూపించింది.

“అయితే ఇందాక అంటున్నావే, అది మళ్లీ అను.”

అసిమీనా అత్త కళ్లలోకి చూడలేక, ఆవిడ తలగుడ్డ సర్దుతూ, జోలపాట బాణీలోనే అంది. ముసలావిడ కళ్లు మూసుకుని విన్నది. సగంలో ప్రోకోపిస్ పాపనెత్తుకుని లోపలికొచ్చి, తల్లినీ పెళ్లాన్నీ చూసి, తప్పు ఇంటికొచ్చానేమోనని గుమ్మం బయటికెళ్లి మళ్లీ వచ్చాడు.

ఇదంతా జరిగి మూడేళ్లు. జోయీ ఇప్పుడు ఒక్కచోట ఆగదు. రెండు కూజాలు, ఒక త్రాసు, తండ్రి గడ్డం అద్దం పగలగొట్టింది. అసిమీనా నోటుపుస్తకంలో ఆ పేరు పక్కన ఇప్పుడు ఒక లోపం చేరింది: మరీ ఎక్కువ. ఉయ్యాల్లో ఇప్పుడు రెండోపిల్ల ఉంది. దాన్ని వదిలి అసిమీనా ఎక్కడికీ కదలడానికి లేదు.

స్తమాతా మాత్రం ప్రతి వసంతంలో మేకల్ని తోలుకుని పైన రాతిదొడ్డి దగ్గరి గుడిసెకి పోతుంది, ఎండలు ముదిరిందాకా దిగదు. జున్ను చేస్తుంది. ఎవరొస్తామన్నా వద్దంటుంది. ఈసారి వెళ్లి పన్నెండు రోజులైంది. మామూలుగా వారానికొకసారి దిగువకి పంపే జున్ను ఈ వారం రాలేదు. ప్రోకోపిస్ పడవ మీద పనికెళ్లాడు, రేపటిగ్గాని రాడు.

మీరెవరైనా ఆ కొండదారిన పోతుంటే, రెండో మలుపులో అంజూర చెట్టు దగ్గర పక్కకి తిరిగి ఒక్కసారి చూసి వెళ్లండి. ముసలమ్మా అని పిలవకండి, పలకదు. పేరు పెట్టి పిలవండి, మెల్లగా, సాగదీసి. మొదటిసారి వినపడ్డా వినపడనట్టే ఉంటుంది. మూడుసార్లు వినాలని ఆవిడ ఆశ. మూడోసారికీ పలకకపోతే తలుపు తోయండి, గడియ ఉండదు. పొయ్యిలో నిప్పుందో లేదో చూసి, అసిమీనాకి కబురు పంపండి.